ఈనె వెనకాల ముళ్ళు

చీరాల,
12 నవంబరు 2024.

వెంకటరావమ్మ వదినగారికి, హైమవతి నమస్కారాలు.

ఫోనులో మాట మీకు సరిగ్గా వినపడటం లేదని, ఉత్తరమైతే కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుకుంటారని మా తేజశ్రీ చెప్పింది. అందుకని రాస్తున్నాను. ముప్పయ్యొక్క ఏళ్ళు బళ్ళో పిల్లలకు మొక్కల పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. కాయితం, పెన్ను కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

తేజ మీ ఇంటి కోడలై ఏడాదిన్నర కావస్తోంది. అల్లుడుగారు చైతన్యకృష్ణ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికొస్తుంటే, కోడలు వారమంతా మీ దగ్గరే ఉంటోంది. దాని పరిశోధనకు మీ వినుకొండ మెట్టపొలాలే కావలసి వచ్చాయి మరి. ఆ పరిశోధన ఏమిటో అది మీకు చెప్పే ఉంటుంది. అయినా నేను వివరంగా చెబుతాను. హోటళ్ళలో పచ్చిగా పెట్టే లెట్యూస్ అనే ఆకు ఉంది చూడండి, దానికి అడవిలో పెరిగే చుట్టం ఒకటుంది. ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకునే గుణం దానిలో ఉందట. ఆ మొక్క మన వైపు ఎక్కడైనా పెరుగుతోందా అని వెతికి, దొరికితే మార్చి నెలాఖరులోగా గింజ పట్టుకెళ్ళి కాలేజీలో గైడుగారికి ఇవ్వాలి.

దాన్ని గుర్తుపట్టడం తేలిక కాదు. ఆకు తుంచితే తెల్లటి పాలు రావాలి. పసుప్పచ్చ పాలొస్తే అది బలురక్కసి, వెంటనే చేతులు కడుక్కోండి. తెల్లపాలు వచ్చినా సరిపోదు. గట్ల మీద పెరిగే మామూలు కలుపు మొక్కకూ తెల్లపాలే, పసుప్పచ్చ పువ్వే. తేడా ఆకు వెనకాల ఉంది. ఆకు తిరగేసి నడిమి ఈనె మీద బొటనవేలు పెట్టి రాయండి. చిన్న చిన్న ముళ్ళు వరసగా వేలికి తగిలితే అదే మనకు కావలసినది. కలుపు మొక్కకు ముళ్ళు అంచున ఉంటాయి కానీ ఈనె మీద ఉండవు.

అనుమానం వస్తే తేజను విసిగించకండి, దానికి పని ఎక్కువ. ఆకు పేపరు మడతలో పెట్టి నాకు పోస్టు చేయండి. నేను చూసి చెబుతాను.

తేజకు వంకాయ పడదు. మీకు చెప్పిందో లేదో.

మీ క్షేమం కోరే
హైమవతి

*

పెదగుండ్లపాలెం, వినుకొండ దగ్గర,
21 నవంబరు 2024.

హైమవతి వదినగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి పత్తిచేలో, ఒకసారి ఇంటికొచ్చి అన్నం తిన్నాక. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాది ఏడో తరగతి చేతిరాత, నవ్వుకోకండి.

ఇక్కడ పత్తి రెండో తీత నడుస్తోంది. మబ్బు పట్టినప్పుడల్లా పట్టాలు పట్టుకుని పరుగెడుతున్నాం. దూది తడిస్తే ఎవడూ ముట్టుకోడు.

తేజ పొద్దున్నే నాతోపాటు లేస్తుంది. మీ అన్నయ్యగారి పాత చొక్కాలు పెట్టెలో ఉంటే ఒకటి తీసి చీర మీద తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి నా వెనకాలే వస్తుంది. ఆయన పోయి అయిదేళ్ళయింది. ఆ చొక్కా మళ్ళీ చేలో తిరుగుతుంటే మొదటిరోజు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. నేను పత్తి తీస్తుంటే అది గట్టు గట్టంతా పాకి, ఆకులు తిరగేసి చూస్తుంది. కూలోళ్ళు మొదట నవ్వారు. ఇప్పుడు వాళ్ళే పిలిచి "అమ్మాయ్, ఇది చూడు, అది చూడు" అంటున్నారు.

మీరు చెప్పిన మామూలు కలుపుని మేము పాలాకు అంటాం. ఈనిన గేదెకు మా అత్త అదే వేసేది. ముళ్ళది కూడా నేను చిన్నప్పుడు చూశానని గట్టిగా అనిపిస్తోంది. మా పుట్టిల్లు పొదిలి వైపు కదా. ఒక సంగతి మీరు రాయలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి దాని ఆకులు పక్కకు తిరిగి అంచు మీద నిలబడతాయి, ఎండకి మొహం తప్పించినట్టు. దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఆ మాట చెబితే తేజ నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. "అత్తయ్యా, ఇది మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు" అంది.

వంకాయ సంగతి తెలియదు. గుత్తివంకాయ చేస్తే రెండుసార్లు వేయించుకుంది మరి. మొహమాటానికి తిన్నదేమో, ఇక చెయ్యను. శుక్రవారం ఆముదం పెట్టి తలంటాను. జుట్టు ఎండకు పీచులా అయిపోయింది పాపం.

పొలం పిలుస్తోంది, ఉంటాను.
వెంకటరావమ్మ

*

చీరాల,
30 నవంబరు 2024.

వదినగారికి,

ఉత్తరం అందింది. ఆకులు అంచు మీద నిలబడే సంగతి పుస్తకాల్లో ఉన్నదే. నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. మీకు రాయడం మరిచిపోయాను, అంతే. తేజ ఆ పాఠం రోజున బడికి రాలేదో ఏమో.

ఆముదం పెట్టకండి. తేజకు చిన్నప్పటి నుంచి ఆముదం పడదు, జలుబు చేస్తుంది. పదేళ్ళ వయసులో న్యుమోనియా వచ్చి పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంటే, దాని మంచం పక్కన కుర్చీలో నేనే కూర్చున్నాను. అలాంటివి తెలియాలంటే పెంచి ఉండాలి.

మొన్న తేజ ఫోను చేసింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. అందులో మూడు నిమిషాలు మీ గురించే. అత్తయ్య కాలవ దాటించింది, అత్తయ్య పాము కుబుసం చూపించింది, అత్తయ్య గోంగూరలో ఎండుమిరపకాయ కాల్చి వేసింది. నాకు సంతోషంగానే ఉంది. అత్తాకోడళ్ళు ఇలా ఉండటం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం.

డిసెంబరు పదోతేదీ నుంచి ఇరవై రెండు దాకా తేజ మా ఇంట్లో ఉంటుంది. కాలేజీ ల్యాబులో పనుందట, ఇక్కడి నుంచి వెళ్ళి వస్తుంది. మూడు నెలల తర్వాత వస్తోంది. ఈ పన్నెండు రోజులు దాన్ని మీ పొలం సంగతులతో కదిలించకుండా ఉంటే మేలు. కాస్త విశ్రాంతి కావాలి. మా ఆయన దాని గదికి కొత్తగా సున్నం వేయించారు.

హైమవతి

*

పెదగుండ్లపాలెం,
14 డిసెంబరు 2024.

హైమవతి వదినగారూ,

కదిలించవద్దని మీరు రాశారు కానీ ఆగలేకపోయాను, క్షమించండి.

ఈ కవరులో పేపరు మడతలో ఒక ఆకు ఉంది. మా పక్క కమతం పీరు కౌలుకు చేస్తున్నాడు, మిరపతోట. కాలవ వైపు అతని గట్టు మీద ఒకే ఒక్క మొక్క ఉంది. నా మోకాలు దాటి ఎదిగింది. ఇంకా పువ్వు రాలేదు. మధ్యాహ్నం చూస్తే ఆకులన్నీ పక్కకు తిరిగి నిలబడి ఉన్నాయి. తిరగేసి ఈనె మీద వేలు రాశాను వదినా. ముళ్ళు తగిలాయి. అయినా నేను పొరబడవచ్చు, చదువుకున్న కన్ను చూడాలి. తేజకు ఇవ్వండి. ఒక్క చూపుతో చెప్పేస్తుంది.

చైతన్య ఈ ఆదివారం రావడం లేదు, లేకపోతే ఫోను చేయిద్దును. అయినా ముందే చెప్పి, తీరా కాకపోతే పిల్ల నీరుగారిపోతుందని భయం.

పీరు ఆ గట్టుకి గడ్డిమందు కొట్టాలని చూస్తున్నాడు. "అమ్మా, కలుపు తోటలోకి దిగుతోంది, వారం కంటే ఆగలేను" అన్నాడు. మీ జవాబు వచ్చేదాకా ఆగమని బతిమాలాను. అవునంటే చుట్టూ ముళ్ళకంప కట్టిస్తాను. వెంటనే రాయండి.

తేజ లేని ఇల్లు బోసిగా ఉంది. దాని చొక్కా ఉతికి దండెం మీద ఆరేశాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
వెంకటరావమ్మ

*

చీరాల,
17 డిసెంబరు 2024.

వదినగారికి,

ఆకు అందింది. మేం చూశాం. ఇది మామూలు పాలాకే. లేత ఆకుల్లో ఈనె గరుకుగా ఉండి ముల్లులా తగలడం కద్దు. కొత్తగా చూసేవాళ్ళు సాధారణంగా ఇక్కడే పొరబడతారు.

పీరును ఆపవలసిన పని లేదు. అతని పని అతన్ని చేసుకోనివ్వండి.

తేజ బాగుంది. రోజూ సాయంత్రం నేనూ అదీ వాడరేవు వెళ్ళి సముద్రం ఒడ్డున నడిచి వస్తున్నాం.

హైమవతి

*

పెదగుండ్లపాలెం,
2 జనవరి 2025.

హైమవతి వదినగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాయితాలు చింపేశాను.

మీ జవాబు వచ్చిన రోజే పీరుతో చెప్పాను, నీ ఇష్టం అని. అతను మర్నాడే మందు కొట్టాడు. తేజ ఇరవై మూడున వచ్చింది. ఇరవై నాలుగున ఇద్దరం కాలవ మీదుగా వస్తుంటే ఆ గట్టు దగ్గర ఆగిపోయింది. మొక్క మాడి వంగిపోయి ఉంది. కింద ఒక ఆకు మాత్రం సగం ఎండి, సగం రూపు నిలిచి ఉంది. తేజ దాన్ని తిరగేసింది. వేలు పెట్టి రాసింది. అలాగే మట్టిలో కూలబడిపోయింది.

"అత్తయ్యా, దీన్ని ముందు ఎవరైనా చూశారా?" అని అడిగింది.

వదినా, అప్పుడు తెలిసింది నాకు. నేను పంపిన ఆకు సంగతే పిల్లకు తెలియదు. మీరు "మేం చూశాం" అని రాశారు. ఎవరు చూశారు?

అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను. "నేనే చూశానమ్మా. పాలాకే అనుకున్నాను. పీరును నేనే కొట్టుకోమన్నాను" అన్నాను. మీ పేరు ఎత్తలేదు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. కానీ దానికి మొదటి గురువు మీరు. మీరే పోల్చుకోలేకపోయారని తెలిస్తే దాని మనసులో మీరు ఎక్కడో ఒకచోట తగ్గిపోతారు. చదువురానిదాన్ని నేను తప్పు చేస్తే వింతేముంది అనుకున్నాను.

కానీ ఆ మాట దానికి నమ్మబుద్ధి కాలేదో, నమ్మి కోపం వచ్చిందో, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నది, పళ్ళెం కడిగింది, గదిలోకి పోయింది. చైతన్య వచ్చి, "ఏంటమ్మా, ఇద్దరూ ఇలా ఉన్నారు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆ నాలుగు రోజులు నేను పడ్డది ఆ దేవుడికే తెలుసు.

తేజా నేనూ కాలవ పొడుగునా మూడు మైళ్ళు వెతికాం. ఇంకొకటి కనబడలేదు.

అసలేం జరిగిందో నాకు రాయండి. నేను తేజకు చెప్పను.

వెంకటరావమ్మ

*

చీరాల,
11 జనవరి 2025.

వదినగారూ,

నేను పొరబడలేదు.

మీ కవరు పదిహేడో తేదీ పదకొండింటికి వచ్చింది. తేజ కాలేజీలో ఉంది. దానికివ్వమని మీరు రాశారు. నేను విప్పాను. ఆకు తిరగేసి వేలు రాశాను, భూతద్దం పెట్టి చూశాను. ఏ అనుమానమూ లేదు. ముప్పయ్యొక్క ఏళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ ఆకు బొమ్మ గీశాను వదినా. నిజమైనది చేతిలోకి రావడం నాకదే మొదటిసారి. అది మీకు దొరికింది. అదే నేను ఓర్చుకోలేకపోయాను.

ఇంకొకటి కూడా ఉంది. దానికి రెండు రోజుల ముందు తేజ ల్యాప్‌టాప్ తెరిచిపెట్టి స్నానానికి వెళ్ళింది. అది రాస్తున్న వ్యాసం చివర ఎవరెవరికి కృతజ్ఞతలో ఉంది. మొదటి పేరు మీది. "నాకు పొలాన్ని చదవడం నేర్పిన మా అత్తగారు" అని. గైడుగారి తర్వాత, ల్యాబు వాళ్ళ తర్వాత, ఆరో పేరు నాది. వాళ్ళ నాన్న పేరుతో కలిపి. ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు మందారపువ్వు కోసి, ఇది కేసరం, ఇది అండాశయం అని చూపించింది నేను. దాని సెలవులన్నీ నా వెంట మొక్కలు ఏరుతూ గడిచాయి. అవన్నీ ఎటు పోయాయి అనిపించింది.

దానికి కొత్త సున్నం వేసిన గది నచ్చలేదు. వాసనొస్తోందంది. పెసరట్టు వేస్తే, అత్తయ్య అల్లం దండిగా వేస్తుందంది. సాయంత్రం వాడరేవు ఒడ్డున నడిచామని రాశాను కదా, ఒక్కరోజే నడిచాం. మిగతా రోజులు అలసటగా ఉందని పడుకుంది. మీ ఆకు చూపిస్తే ఆ సాయంత్రమే బస్సెక్కుతుందని నాకు తెలుసు. ఇంకా అయిదు రోజులుంది. ఆ అయిదు రోజులు నావి అనుకున్నాను. పీరు మందు కొడతాడని మీరు రాసింది చదివే, కొట్టుకోనివ్వమని రాశాను. అది మాత్రం పిల్ల కోసం ఏడ్చిన తల్లి చేసిన పని కాదు. మీ మీద కసితో చేసిన పని.

మీరు నా తప్పు మీ మీద వేసుకున్నారని చదివాక మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన, "నువ్వే చెప్పాలి, నేను చెప్పను" అన్నారు. తొమ్మిదో తేదీన తేజకు ఫోను చేసి చెప్పాను. అంతా విని, "ఆకు ఉందా, పారేశావా?" అని అడిగింది. ఉందన్నాను. పెట్టేసింది. మళ్ళీ ఎత్తడం లేదు.

ఆ ఆకును ఈ కవరులో పెడుతున్నాను. దానికి అందజేయండి. నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

హైమవతి

*

పెదగుండ్లపాలెం,
5 ఫిబ్రవరి 2025.

హైమవతి వదినగారికి,

ఆకు వచ్చిన రోజే తేజకు ఇచ్చాను. మీ ఉత్తరానికి మాత్రం ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. రాస్తే తిట్లు రాసేదాన్ని. మా చేలోనూ మిరపకోతలు మొదలయ్యాయి, చేతులు మంటెత్తి పెన్ను పట్టలేకపోయానని సాకు చెప్పవచ్చు. అది నిజం కాదు.

ఆ మొక్క నా ఒక్కదానిదా వదినా? మీ కడుపున పుట్టిన పిల్ల మూడేళ్ళ కష్టం. మీకు నా మీద కసి ఉంటే నన్ను తిట్టాల్సింది. బస్సెక్కి వచ్చి నా గుమ్మంలో నిలబడి తిడితే పడేదాన్ని. చదువుకున్నవాళ్ళు కాయితం మీద నవ్వుతూ చేసే పనులు మాకు చాతకావు.

ఇది తిట్టు. ఇక రెండో సంగతి.

మీరు ఫోను చేసిన రోజు తేజ కళ్ళం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆరబోసిన మిరపకాయల మధ్యే నన్ను పట్టుకుని, "అత్తయ్యా, మిమ్మల్ని అన్యాయంగా సాధించాను" అని ఏడ్చింది. కాయల ఘాటుకు ఇద్దరికీ దగ్గొచ్చింది. నేను దాని వీపు నిమురుతూ, పోన్లేమ్మా, ఎంతైనా కన్నతల్లి అన్నాను. పైకి అన్నాను. లోపల నాకేమనిపించిందో రాస్తాను. ఇక ఇది పూర్తిగా నాదే అనిపించింది. మీ నంబరు ఫోనులో వెలిగినప్పుడల్లా అది ఎత్తకుండా బోర్లా పెడుతుంటే, నాకు కడుపు నిండినట్టుగా ఉండేది. ఎత్తమ్మా అని ఒక్కసారి కూడా చెప్పలేదు. మీరు పంపిన ఉత్తరం చదివిస్తే దాని మనసు కరుగుతుందని తెలుసు. చదివించలేదు. ఆడపిల్ల లేనిదాన్ని, దొరికింది కదా అనుకున్నాను. ఇరవై రోజులు ఇలాగే గడిపాక, ఒకరోజు అది నిద్రలో "అమ్మా" అంది. నన్ను కాదు. నన్నది అత్తయ్యా అంటుంది.

అప్పుడు మీ జనవరి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఈసారి తిట్టాలనిపించలేదు.

ఇక మూడోది. మా కోతల జట్టుకు పెద్ద రెబెకా. ఆమె నిన్న వాళ్ళ చెల్లెలి ఊరి నుంచి వస్తూ, పొగాకు కాల్చే బారను గది పక్కన ఒక మొక్క చూసి కొమ్మ విరుచుకొచ్చింది. ఆకులు పురుగు తిని, ఎండి ఉన్నాయి. ఈనె మీద రెండు మూడు చోట్ల ఏదో గుచ్చుకుంటోంది. నా వేలు మిరపకాయలతో మొద్దుబారింది, చెప్పలేకపోతున్నాను. కాయ కూడా విచ్చుకుంది, గింజలున్నాయి. తేజ హైదరాబాదులో సదస్సుకి వెళ్ళింది, పదమూడుకు వస్తుంది. ఆగవచ్చు. ఆగకుండా సగం కొమ్మ మీకు పంపుతున్నాను. చూసి చెప్పండి.

ఎందుకు పంపుతున్నానో అడగకండి.

వెంకటరావమ్మ

*

చీరాల,
9 ఫిబ్రవరి 2025.

వదినగారూ,

మీ కవరు వచ్చింది. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని విప్పాను.

ఇది కాదు వదినా. మామూలు పాలాకే.

ఈ మాట రాయడానికి ఉదయం నుంచి కూర్చున్నాను. డిసెంబరులో అవునైనదాన్ని కాదని రాశాను, కలం ఆగలేదు. ఇవాళ కానిదాన్ని కాదని రాయడానికి ఆగింది. అవునని రాస్తే మీరందరూ సంతోషిస్తారు, తేజ నాతో మాట్లాడుతుంది. కాదంటే, ఈవిడ బుద్ధి మారలేదు అనుకుంటారు. అనుకోవడం న్యాయమే. నా మాటకున్న విలువ నేనే పోగొట్టుకున్నాను.

అందుకని నా మాట నమ్మకండి, మీరే చూడండి. ఈనె మీద గుచ్చుకునేవి ముళ్ళు కావు, పురుగు తిన్నచోట పొర ఎండి లేచింది. తడిగుడ్డలో ఒక గంట ఉంచితే మెత్తబడి పడుకుంటుంది. ముల్లయితే పడుకోదు. ఇంకా గట్టి గుర్తు గింజ దగ్గరుంది. గింజకూ దానిపై దూదికీ మధ్య దారంలాంటి సన్నటి మెడ ఉంటే మనకు కావలసినది. దీనికి మెడ లేదు. దూది నేరుగా గింజ నెత్తినే కూర్చుంది.

తేజ రాగానే మీ దగ్గరున్న సగం కొమ్మ ఇవ్వండి. నేను చూశానని గానీ, ఏమన్నానో గానీ ముందు చెప్పవద్దు. దాని కళ్ళతో అదే చూడాలి. ఆ తర్వాత కావాలంటే ఈ ఉత్తరం చూపించండి, లేకపోతే లేదు.

తేజ ఫోను బోర్లా పెడుతుంటే మీరు చూస్తూ ఊరుకున్న సంగతి రాశారు. అది చదివి నాకు మంట పుట్టింది. వెంటనే మీరు రాయకుండా ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా అనిపించింది. మీరు రాశారు. నేను అడిగించుకున్నాక రాశాను. ఆ తేడా నాకు తెలుసు.

చేతుల మంటకు మజ్జిగలో ముంచండి. నీళ్ళతో కడిగితే ఎక్కువవుతుంది.

హైమవతి

*

పెదగుండ్లపాలెం,
16 ఫిబ్రవరి 2025.

హైమవతి వదినగారూ,

తేజ పదమూడో తారీకు సాయంత్రం వచ్చింది. కొమ్మ ఇచ్చి ఊరుకున్నాను. మీరు రాసినట్టే ఏమీ చెప్పలేదు. వాకిట్లో కూర్చుని కాయ విప్పి, గింజ అరచేతిలో వేసుకుని అద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. రెబెకా గేటు పట్టుకుని నిలబడే ఉంది, అవునంటారని. "కాదక్కా, పాలాకే. మెడ లేదు" అంది తేజ. రెబెకా మొహం ఇంతైంది. ఎంతో దూరం నుంచి జాగ్రత్తగా పట్టుకొచ్చింది పాపం. కాఫీ ఇచ్చి పంపాను.

అప్పుడు మీ ఉత్తరం చేతిలో పెట్టాను. దానితోపాటు జనవరి ఉత్తరమూ ఇచ్చాను. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. కూర మాడిపోతున్నా కలపలేదు నేను. చివరికి లోపలికొచ్చి స్టవ్వు అదే ఆపింది.

"అమ్మ నిజమే చెప్పింది అత్తయ్యా" అంది.

కోపం పోయిందా అంటే, పోలేదు. నా మీదా వచ్చింది, అది ఫోను బోర్లా పెడుతుంటే నేను ఊరుకున్న సంగతి చదివాక. "మీ ఇద్దరికీ నేను ఏమన్నా గట్టునా, హద్దురాయి పాతుకోవడానికి?" అంది. ఇద్దరం తలొంచుకుని పడాల్సిన మాటే, నేను ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి పడ్డాను. మీ వాటా మీకు దాచి ఉంచింది.

పని సంగతి చెబుతాను. ఈ ఏడాది గింజ లేదు. మీరు పంపిన ఆకును వాళ్ళ గైడుగారికి చూపిస్తే, మొక్క ఇక్కడ ఉన్నమాట ఒప్పుకున్నారట. ఇంకో ఏడాది గడువు ఇప్పిస్తానన్నారట. ఒక ఏడాది పోయింది. అది నేనూ మీరూ పుట్టించలేం. వచ్చే కార్తీకంలో వానలు తగ్గగానే మళ్ళీ వెతకాలి. పీరు తన గట్ల మీద ఇక మందు కొట్టనన్నాడు, కొడవలితో కోయిస్తానన్నాడు. నేను పొదిలి వైపు మా పుట్టింటి చేలన్నీ తిప్పుతాను. కళ్ళు నావి, అద్దం మీది. మీకు మోకాళ్ళ నొప్పులని తేజ చెప్పింది. గట్టు ఎక్కలేకపోతే ఎడ్లబండి మాట్లాడతాను.

అంతదాకా ఆగనక్కర్లేదు. వచ్చే ఆదివారం బస్సెక్కండి. వినుకొండ స్టాండుకు చైతన్య బండి తీసుకొస్తాడు. తేజ మిమ్మల్ని పిలవమనలేదు, నేనే పిలుస్తున్నాను. కానీ నిన్న దాని గదిలో ఇంకో రెండు మంచాలకు చోటు చేస్తుంటే, ఎవరికని అడగకుండా బీరువాను అటువైపు నుంచి అదే తోసింది.

ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. "అమ్మ నిజమే చెప్పింది" అన్నప్పుడు దాని గొంతు ఎలా ఉందో, అలా నా గురించి ఎప్పుడూ అనలేదు. మూడు రోజుల నుంచి ఆ మాట నన్ను తినేస్తోంది. కాబట్టి కిటికీ పక్క మంచం నాది. మీది గోడ వైపు. తేజ మధ్యలో పడుకుంటుంది. అది ఎటు తిరిగి పడుకున్నా రెండోవాళ్ళు పొద్దున్నే మొహం మాడ్చుకోకూడదు.

ఒట్టు వేస్తారా? నేనైతే వేయలేను.

వెంకటరావమ్మ